ఆఫీసు గ్రూపులో పూలగుత్తులు

బొమ్మ అనేదే కనిపించని రేడియోలో కూర్చుని బొమ్మల గురించి మాట్లాడబోతున్నాను. ఈ కాసేపూ ఫోను పక్కన పెట్టండని నేను అడగను. చేతిలోకి తీసుకోండి. మీరు ఉద్యోగం చేస్తున్నవారైతే మీ ఆఫీసు వాట్సాప్ గ్రూపు తెరిచి, ఇవాళ తెల్లారినప్పటి నుంచి ఏమేం వచ్చాయో ఒక్కసారి చూసుకోండి.

గురువారమైతే సాయిబాబా ఉంటారు. శనివారమైతే వేంకటేశ్వరస్వామి, మంగళవారమైతే ఆంజనేయుడు, సోమవారమైతే శివుడు. దేవుడి పాదాల దగ్గర శుభోదయం. తర్వాత పొగలు కక్కే కాఫీ కప్పు, పక్కనే గులాబీ. తిథి, నక్షత్రం, రాహుకాలం అన్నీ ఉన్న పంచాంగం బొమ్మ. అబ్దుల్ కలాం గారి ఫొటో కింద ఆయన ఎన్నడూ అని ఉండని ఒక సూక్తి. వీటన్నిటి మధ్య ఎక్కడో, తొమ్మిదిన్నరకు, పై అధికారి పెట్టిన రెండు లైన్లు ఉంటాయి. పదకొండింటికి వీడియో కాన్ఫరెన్సు, పెండింగు దరఖాస్తుల జాబితాతో సిద్ధంగా ఉండండి అని. ఆ రెండు లైన్ల మీద అప్పటికే ఇంకో నాలుగు పూలగుత్తులు వచ్చి పడి ఉంటాయి. పదకొండింటికి జాబితా లేకుండా వచ్చిన గుమస్తాను నిలదీస్తే, చూళ్లేదండీ అంటాడు. పాపం, అబద్ధం కాదు. నిజంగానే కనపడలేదు.

ఆఫీసు సంభాషణల్లో ఈ అలంకారపు బొమ్మలకు హద్దు పెట్టాలా, పెడితే ఎవరు, ఎలా పెట్టాలి అన్నది ఇవాళ్టి మాట. పెట్టాలనే నేనంటాను. అయితే ఎందుకు పెట్టాలన్న దగ్గర చాలామంది అధికారులకూ నాకూ కుదరదు. వాళ్లు క్రమశిక్షణ కోసమంటారు. నాకు మాత్రం ఇందులో కింది ఉద్యోగి తెరిపిన పడటం కనిపిస్తుంది. అదెలాగో చెబుతాను.

ముందు ఈ బొమ్మల వరద సంగతి. ఇది మన ఒక్క ఆఫీసు గొడవ కాదు. మన దేశంలో ఫోన్లు ఎందుకు మాటిమాటికీ బిగుసుకుపోతున్నాయని గూగుల్ సంస్థవాళ్లు ఆరా తీస్తే, తేలిన కారణాల్లో ఈ గుడ్ మార్నింగ్ బొమ్మలు ఒకటి. 2018 జనవరిలో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ దీని మీద పెద్ద కథనమే వేసింది. ఇలాంటి బొమ్మలను వెతికి పట్టి ఒక్క దెబ్బతో తుడిచేసే సదుపాయాన్ని గూగుల్ తన ఫైల్స్ గో అనే యాప్‌లో పెట్టింది. మన శుభోదయాలను ఊడ్చడానికి కాలిఫోర్నియాలో ఇంజినీర్లు చీపురు తయారు చేశారన్నమాట. నవ్వుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు పంపుకునే బొమ్మల జోలికి నేను పోవడం లేదు. ఊళ్లో ఒంటరిగా ఉన్న తాతగారు మనవడికి రోజూ పంపే పువ్వు, నేను బాగానే ఉన్నానురా అని చెప్పే కబురు. ఆ పువ్వు రాని రోజు మనవడు ఫోను చేస్తాడు. అక్కడ ఆ బొమ్మకు పని ఉంది.

ఆఫీసు గ్రూపు దారి వేరు. ఒకప్పుడు ఆదేశం కాగితం మీద వచ్చేది. తపాలు పుస్తకంలో ఎక్కేది, గుమస్తా సంతకం పెట్టి తీసుకునేవాడు, ఫైల్లో చేరేది. ఇప్పుడు అదే ఆదేశం వాట్సాప్‌లో వస్తోంది. పంచాయతీ కార్యదర్శికీ, ఏఎన్ఎంకూ, బడి హెడ్‌మాస్టరుకూ, లైన్‌మన్‌కూ ఆ గ్రూపే తపాలు పుస్తకం. చూడలేదంటే చెల్లదు, మెమో వస్తుంది. చూసి తీరాల్సిన చోట, చూడక్కర్లేనివి కుప్ప పోస్తే నష్టం పంపినవాడికి కాదు. ఆ కుప్పలో వెతుక్కోవలసినవాడికి.

మన తంతి శాఖవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో, చాలా తెలివిగా విప్పారు. మన దేశంలో టెలిగ్రాం 1855లో ప్రజలకు అందుబాటులోకి వచ్చి, 2013 జులైలో ఆగిపోయింది. ఊళ్లో తంతి వచ్చిందంటే కాగితం విప్పకముందే ఇంట్లో ఆడవాళ్లు బావురుమనే రోజులు కొందరు శ్రోతలకైనా గుర్తుండి ఉంటాయి. అదే తంతిలో పెళ్లికీ పండక్కీ శుభాకాంక్షలు కూడా పంపుకునేవాళ్లం. ఎలా పంపేవాళ్లం? తంతి ఆఫీసులో ముందే అచ్చు వేసిన శుభాకాంక్షల పట్టిక ఉండేది. దీపావళికి ఒక వాక్యం, నవదంపతులకు ఒక వాక్యం, పరీక్ష పాసైనవాడికి ఒక వాక్యం. ఒక్కోదానికి ఒక్కో అంకె. మనం అంకె చెబితే తీగ మీద ఆ అంకే పోయేది. అవతలి ఊళ్లో దాన్ని పూర్తి వాక్యంగా మార్చి, పూలూ రంగులూ అచ్చేసిన కాగితం మీద పెట్టి ఇంటికి చేర్చేవాళ్లు. పువ్వు ఉంది, రంగు ఉంది, సంతోషం ఉంది. కానీ తీగ మీద భారం లేదు. కలెక్టరుకు పోయే తుపాను హెచ్చరిక, ఒకరి పెళ్లి శుభాకాంక్షల వెనక వరసలో నిలబడాల్సిన అవసరం రాలేదు. అలంకారాన్ని వాళ్లు నిషేధించలేదు. దారికి అడ్డం లేకుండా దాన్ని చివర పెట్టారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆఫీసు గ్రూపులో రోజూ పొద్దున బొమ్మ పెట్టేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? అందరూ ఉత్సాహంతో పెడుతున్నారనుకుంటున్నారా? నాకలా అనిపించదు. చాలామంది పెట్టేది పువ్వు కాదు, హాజరు. పై అధికారికి పెట్టే దణ్ణం. పాతకాలంలో దొరగారు ఆఫీసు మెట్లెక్కేటప్పుడు వరండాలో నిలబడి వంగి దణ్ణాలు పెట్టేవాళ్లే, ఆ వరండా ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. ఆరింటికే శుభోదయం పెట్టినవాడు సార్ దృష్టిలో పడతాడు. ఒకడు పెట్టాక రెండోవాడు పెట్టకుండా ఉండలేడు. పదిమంది పెట్టాక పదకొండోవాడు పెట్టకపోతే అదో సందేశం. ఏమయ్యా, వీడికి పొగరా అనిపిస్తుంది. సార్ అనుకోకపోయినా, సార్ అనుకుంటారేమోనని వీడికి భయం.

సార్‌కు ఉత్తమ అధికారి ప్రశంసాపత్రం వచ్చిన రోజు చూడాలి ఆ గ్రూపును. మొదటి అభినందన వచ్చిన నిమిషంలో వరద మొదలవుతుంది. మామూలు పూలగుత్తి చాలదని ఒకరు మెరుపులు మెరిసే పూలగుత్తి పెడతారు. ఇంకొకరు సార్ ఫొటోను పులి బొమ్మ పక్కన అతికించి పెడతారు. మరొకరు వీడియోనే చేయించి పెడతారు, వెనక సినిమా పాటతో సహా. ఎవరు పెట్టలేదో లెక్కపెట్టేవాడు కూడా ఒకడుంటాడు. ప్రతి ఆఫీసులో ఉంటాడు. ఇందులో సంతోషం లేదని నేననడం లేదు. కొంత ఉంటుంది. మిగిలినదంతా పోటీ. ఆ పోటీలోంచి ఎవరూ తమంతట తాము తప్పుకోలేరు. అందుకే, మీ ఇష్టం, మానితే మంచిది అని చెప్పి ఊరుకుంటే ఏ ఆఫీసులోనూ ఒక్క పువ్వు కూడా తగ్గదు. నియమం కావాలి. పెట్టకపోవడం అందరికీ సమానమైతేనే పెట్టకపోవడంలో తప్పు పోతుంది. కింది ఉద్యోగి తెరిపిన పడతాడన్నది ఇందుకే.

కాబట్టి ఈ నియమం గుమస్తాల మీద మొదలు కాకూడదు. ఎవరి కోసం బొమ్మలు వస్తున్నాయో వారి నోటి నుంచే రావాలి. నాకు శుభోదయం పంపకపోతే నేనేమీ అనుకోను అని అధికారి ఒక్క మాట రాస్తే, ఆ ఒక్క వాక్యం పది నిబంధనల పెట్టు. అది రాయకుండా, పరిపాలనా కారణాల దృష్ట్యా గ్రూపులో బొమ్మలు పెట్టరాదు అని సూపరింటెండెంటు చేత సర్క్యులర్ ఇప్పించారనుకోండి. ఆ సర్క్యులర్ కిందే నలభైమంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. ఇది ఊహించి అంటున్న మాట కాదు.

డబ్బు సంగతి, ఫోను సంగతి కూడా చూద్దాం. ఒక లెక్క వేద్దాం. గ్రూపులో అరవైమంది. రోజూ ఇరవైమంది తలా ఒక బొమ్మ. ఒక్కోటి 150 కిలోబైట్లు అనుకుందాం. ఫోనుకు రోజూ 3 మెగాబైట్లు. ఏడాదిలో మూడొందల రోజులకు 900 మెగాబైట్లు, అంటే దాదాపు ఒక జీబీ. ఒక్క గ్రూపుకు. ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త ఇలాంటి గ్రూపులు నాలుగైదింట్లో ఉంటుంది. ఖరీదైన ఫోనున్న అధికారికి ఇది లెక్కలోది కాదు. చవక ఫోనున్న ఆవిడకు, గర్భిణుల వివరాలు నమోదు చేసే యాప్ తెరవబోతే స్టోరేజీ నిండింది అని వస్తుంది. అప్పుడు చెట్టు కిందో, ఎవరింటి అరుగు మీదో కూర్చుని బొమ్మలు తుడవాలి. అందులో మళ్లీ ఒక మెలిక ఉంది. పువ్వును తుడవగలదు, కాఫీ కప్పును తుడవగలదు. దేవుడి బొమ్మను తుడవడానికి వేలు రాదు. వేంకటేశ్వరస్వామిని చెత్తబుట్టలో పడెయ్యడమా అని మనసు పీకుతుంది. అలా ఎన్నో ఫోన్లలో దేవుళ్లు వందల కొద్దీ బందీలై ఉన్నారు. అదే గ్రూపులో దర్గాకో చర్చికో వెళ్లే ఉద్యోగులూ ఉంటారు. రోజుకో దేవుడి బొమ్మ చూసి వాళ్లేమీ అనరు. అనలేరు. ప్రభుత్వ ఆఫీసు గోడకు ఏం తగిలించాలో ఆలోచించే అధికారి, గ్రూపు గోడ గురించి ఎందుకు ఆలోచించడో నాకు అర్థం కాదు.

కంటిచూపు లేని ఉద్యోగి మాటకొద్దాం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయింపు ఉంది. అందులో ఒక శాతం చూపు లేనివారికి, చూపు మందగించినవారికి. వాళ్లు ఫోను వాడేది చెవితో. తెర మీది అక్షరాలను ఫోను చదివి వినిపిస్తుంది. బొమ్మ వస్తే బొమ్మ అని చెబుతుంది, చాలాసార్లు అంతకు మించి చెప్పలేదు. ఇరవై బొమ్మల మధ్య ఉన్న ఒక్క ఆదేశం కోసం ఆయన ఇరవైసార్లు ఫొటో, ఫొటో అని వినాలి. ఏ బొమ్మలో పని ఉందో, ఏ బొమ్మలో పువ్వు ఉందో తెలియదు. ఎందుకంటే మనవాళ్లు సర్క్యులర్‌ను కూడా వంకరగా ఫొటో తీసి పెడతారు. మూడు నెలల తర్వాత ఆ సర్క్యులర్ కోసం వెతకబోతే కళ్లున్నవాడికీ దొరకదు. ఫొటోలోని అక్షరాలను వాట్సాప్ వెతికి పెట్టదు కదా. ఆదేశాన్ని అక్షరాల్లో టైపు చేసి పెట్టడం మర్యాద అని ఎవరో వాళ్లకు చెప్పాలి.

అయితే ఇంత చెప్పానని, నవ్వు ముఖం కనిపిస్తే చాలు కొరడా తియ్యమని కాదు. ఆ నవ్వు ముఖం పుట్టిందే పనిచేసే చోట, అదీ పని చెడకుండా ఉండటానికి. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉంది. 1982లో అక్కడి కంప్యూటర్ విభాగంవాళ్లు, తెర మీద అందరూ చదివే నోటీసు బోర్డులో రాసుకునేవాళ్లు. ఒకాయన సరదాకు, భౌతికశాస్త్ర ప్రయోగం వల్ల ఒక లిఫ్టులో పాదరసం ఒలికింది, జాగ్రత్త అని రాశాడు. కొందరు అది నిజమనుకున్నారు. జోకును జోకని తెలిసేట్టు ఏదైనా గుర్తు పెట్టుకుందామని చర్చ మొదలైంది. స్కాట్ ఫాల్మన్ అనే ఆచార్యుడు సెప్టెంబర్ 19న ఒక సలహా రాశాడు. రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్ పెట్టండి, తల పక్కకు వాల్చి చూడండి, నవ్వు ముఖం కనిపిస్తుంది అన్నాడు. అంతే. మూడే మూడు అక్షరాలు. పని మాట అపార్థం కాకుండా కాపాడటానికి పుట్టింది.

తర్వాత 1999లో జపాన్‌లో డొకొమో అనే ఫోన్ సంస్థకు షిగెటకా కురిటా 176 బుల్లి బొమ్మలు గీశాడు. ఒక్కోటి అటు పన్నెండు, ఇటు పన్నెండు చుక్కల గడి. అందులో వాతావరణం, రవాణా లాంటి పనికొచ్చే గుర్తులు చాలా ఉన్నాయి. 2010లో ఎమోజీలు ప్రపంచమంతా ఒప్పుకున్న యూనికోడ్ ప్రమాణంలో చేరాయి. మన రూపాయి గుర్తు కూడా అదే విడతలో చేరింది. రూపాయీ నవ్వు ముఖమూ ఒకే బండిలో వచ్చాయని తెలిసినప్పుడు నాకు సరదా వేసింది.

చిన్న గుర్తు కూడా చోటు తప్పితే బెడిసికొడుతుంది. ఎల్లా గ్లిక్సన్ అనే ఇజ్రాయెల్ పరిశోధకురాలు, మరి ఇద్దరితో కలిసి, 29 దేశాలవాళ్లతో ప్రయోగాలు చేశారు. ముఖపరిచయం లేనివారికి రాసే మొదటి ఆఫీసు ఉత్తరంలో నవ్వు గుర్తు పెడితే, రాసినవాళ్లు ఆప్యాయంగా ఏమీ కనిపించలేదు, సమర్థత మాత్రం తక్కువగా కనిపించింది. ఫొటోలో నవ్వుకు ఉండే ఫలితం ఈ గీతల నవ్వుకు లేదు. 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్లు ఇంకో సంగతి కనిపెట్టారు. ఒకే ఎమోజీ ఒక కంపెనీ ఫోనులో సంతోషంగా, ఇంకో కంపెనీ ఫోనులో పళ్లు కొరుకుతున్నట్టు కనిపించవచ్చు. మీరు నవ్వారు, అవతలివాడికి కోపం చేరింది.

ఇక మన చేతులు జోడించిన గుర్తు ఉంది చూడండి. మన ఆఫీసుల్లో దానికి ఎన్ని అర్థాలు! నమస్కారం, సరేనండి, ధన్యవాదాలు, క్షమించండి, సెలవు ఇప్పించండి, మీ నాన్నగారి ఆత్మకు శాంతి, ఇక నన్ను వదిలెయ్యండి. ఏ అర్థంతో పెట్టాడో పెట్టినవాడికే తెలియాలి.

కోర్టు దాకా పోయిన సంగతులూ ఉన్నాయి. ఒక ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఒక అధికారిణి వీడియో పెట్టారు. దానికి కొందరు సహోద్యోగులు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వే ముఖాలు పెట్టారు. ఆవిడ నొచ్చుకున్నారు, పోలీసు కేసయింది. 2018లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం ఆ కేసు కొట్టేసింది. ఎమోజీ ఒక భావాన్ని చెబుతుంది, అది వెటకారమో అసమ్మతో కావచ్చు, అంతమాత్రాన నేరం కాదని తేల్చింది. నేరం కాదు, నిజమే. కానీ మాటతో ఎదురు చెప్పగల చోట పదిమందీ నవ్వు ముఖాలు విసిరితే ఒంటరిగా మిగిలినవాళ్లకు ఎలా ఉంటుందో చట్టం పుస్తకంలో చూడక్కర్లేదు.

కెనడాలో ఇంకో రకం. సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక రైతుకు 2021లో ధాన్యం కంపెనీ ప్రతినిధి 87 టన్నుల అవిసె గింజల ఒప్పందపు కాగితాన్ని ఫొటో తీసి ఫోనుకు పంపి, ఖాయం చెయ్యండి అన్నాడు. రైతు బొటనవేలు పైకెత్తిన గుర్తు పంపాడు. ధర పెరిగింది, గింజలు రాలేదు. కాగితం అందిందని చెప్పానంతే అన్నాడు రైతు. 2023లో కోర్టు అది సంతకంతో సమానమంటూ 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. పై కోర్టు కూడా అదే నిలబెట్టింది. ఆఫీసు సంభాషణలో బొమ్మలన్నీ అలంకారాలేనని అనుకునేవాళ్లు ఈ బొటనవేలును గుర్తు పెట్టుకోవచ్చు.

అందుకే నియమం రాసేటప్పుడు బొమ్మలు వద్దు అని గుండుగుత్తగా రాయకూడదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఫొటో బొమ్మే. గండిపడిన చెరువు కట్ట ఫొటో బొమ్మే. పురుగు పట్టిన మిరప ఆకు, గడువు దాటిన మందు డబ్బా మీది తేదీ, కుంగిన రోడ్డు, అన్నీ బొమ్మలే. లైన్‌మన్ పేజీ రాసినా చెప్పలేనిది ఒక్క ఫొటో చెబుతుంది. ఎక్కడిది, ఎప్పటిది అని ఒక లైను కింద రాస్తే చాలు. ఈ బొమ్మ చూశాక ఎవరైనా ఏదైనా పని చెయ్యాలా? చెయ్యాలంటే ఉండాలి. లేదంటే ఇంకో చోటుకు పోవాలి. ఈ ఒక్క ప్రశ్న చాలు, పెద్ద జాబితాలు అక్కర్లేదు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కథ కాస్త వేరు. అక్కడ పూలగుత్తులు తక్కువ, బ్రహ్మానందం గారు ఎక్కువ. ఏ భావానికైనా ఆయన ముఖం ఒకటి సిద్ధంగా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం కొత్త పని వచ్చి పడిందంటే ఆయన తల పట్టుకున్న స్టిక్కరు. నేనూ నవ్వుకుంటాను, నవ్వకుండా ఉండటం మన తరమా? కానీ ఆ జట్టులో పుణె అమ్మాయి ఉంది, పోలండ్ నుంచి పనిచేసే అబ్బాయి ఉన్నాడు. ఎనిమిదిమంది నవ్వుతున్నారు, ఇద్దరు ఎందుకో తెలియక కూర్చున్నారు. అక్కడ వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటి వాటిల్లో కదిలే బొమ్మలు, మీమ్‌లు, స్టిక్కర్లు ఒక్కోదాన్ని విడిగా ఆపేసే మీటలు నిర్వాహకుడి చేతిలో ఉంటాయి. పూర్తిగా ఆపకుండా, అసభ్యమైనవి రాకుండా వడగట్టే ఏర్పాటూ ఉంది. మీట నొక్కడం తేలిక. నొక్కిన మర్నాడు కుర్రకారంతా కంపెనీకి కనపడని ఇంకో గ్రూపు పెట్టుకుంటారు. దానివల్ల నష్టమేమీ లేదు. పని మాటలు కూడా వాళ్ల వెంట అక్కడికి వలసపోతేనే చిక్కు.

వాట్సాప్‌లో అలాంటి మీటే లేదు. అడ్మిన్లు మాత్రమే రాయాలి అని గ్రూపును కట్టడి చెయ్యవచ్చు. రాతలు రానిచ్చి బొమ్మలు మాత్రం ఆపడం కుదరదు. అందుకే మన ఆఫీసులకు రెండు గ్రూపులు తప్పవు. ఒకటి ఆదేశాలకు. అందులో రాసేది ఇద్దరు ముగ్గురే. చదివినవాళ్లు ఆ సందేశం మీదే బొటనవేలు రియాక్షన్ నొక్కుతారు. 2022లో వచ్చిన ఈ సదుపాయం మన పాత తంతి అంకెకు మనవరాలు. నోటెడ్ సార్, ఓకే సార్, ష్యూర్ సార్ అనే యాభై సందేశాలు ఒక్క గుర్తు కింద అంకెగా మారతాయి. ఎవరు చూశారో పేర్లతో సహా కనిపిస్తుంది, సంతకం పెట్టిన తపాలు పుస్తకంలాగే. చూశానని చెప్పడం వేరు, చేస్తానని ఒప్పుకోవడం వేరు అన్నది మాత్రం మొదటి రోజే అందరికీ చెప్పాలి. కెనడా రైతు గతి మనకెందుకు?

చావు కబురు ఏ గ్రూపులో పెట్టాలన్నది కూడా ముందే అనుకోవాలి. ఒక సహోద్యోగి తండ్రి పోయారని ఎవరో రాస్తారు. ఓం శాంతి అని దీపం బొమ్మలు మొదలవుతాయి. పైన ఏముందో చూడకుండా ఒకాయన రోజూ పెట్టే అలవాటులో ఎగిరే సీతాకోకచిలుకలతో శుభోదయం పెట్టేస్తాడు. కింద మళ్లీ దీపాలు. ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు కేకు. ఆ తండ్రి పోయిన మనిషి రాత్రి ఫోను తెరిచి ఇదంతా వరసగా చూస్తాడు. అందరి ఉద్దేశమూ మంచిదే. అయినా అంతకంటే ఒక మనిషి ఫోను చేసి, ఏరా, ఎలా ఉన్నావు అని అడగడం నయం.

ఇక రెండో గ్రూపు. పండగలు, పుట్టినరోజులు, పిల్లల ర్యాంకులు, పదవీ విరమణ సన్మానాల ఫొటోలు అన్నీ అక్కడికే. చేరడం చేరకపోవడం ఎవరిష్టం వాళ్లది. ఆ గ్రూపులో పై అధికారి ఉండకూడదన్నది నా షరతు. చాలామంది అధికారులకు ఈ షరతు నచ్చదు. నేనూ సరదా మనిషినేనండీ అంటారు. కావచ్చు. కానీ మీరున్న గ్రూపులో మీ సిబ్బంది సరదాగా ఉండరు.

నియమం పెట్టిన మొదటి వారం బాగానే గడుస్తుంది. అసలు పరీక్ష జనవరి ఒకటినో, సంక్రాంతికో వస్తుంది. ఆ రోజు పైస్థాయి గ్రూపులో ఇంకా పెద్ద అధికారి పెట్టిన శుభాకాంక్షల బొమ్మ మన అధికారికి వస్తుంది. దాన్ని కిందికి తోసెయ్యాలని ఆయన వేలు ఉవ్విళ్లూరుతుంది. ఆయన తోస్తే ఆ రోజుతో నియమం చెల్లు. సాయంత్రానికి గ్రూపులో రంగుల ముగ్గులు, గంగిరెద్దులు, పతంగులు. తొయ్యకుండా ఆగితే నియమం నిలబడుతుంది.

అధికారి లేని ఆ రెండో గ్రూపును కొన్నాళ్లు పోయాక గమనించండి. పొద్దుటి పువ్వులు అక్కడ కూడా తగ్గిపోతాయి, ఎవరూ వద్దనకుండానే. దొరగారు లేని వరండాలో దణ్ణాలు ఎవరికి? మిగిలేవి వేరే ఉంటాయి. రేపు మా ఇంట్లో పులిహోర, క్యారేజీ తెచ్చుకోకండి అని ఒకరు. పాపకు బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిందని ఇంకొకరు. ఇంక్రిమెంటు బిల్లు మళ్లీ తిరిగొచ్చిందని ఒకరు వాపోతే, దాని కింద బ్రహ్మానందం. ఆ ముఖాన్ని మాత్రం ఎవరూ ఆపనక్కర్లేదు.